వాగు గట్టున బాల్సం కుట్ర

"ఫిన్లాండ్ మొత్తానికి బుర్ర పనిచేసే మనిషి ఒక్కడే ఉన్నాడక్కా. వాడికిప్పుడు కాఫీ తాగే తీరిక లేదు," అన్నాడు ఇల్పో, జూలై ఎండలో పొడుగు కోటు కాలరు పైకెత్తి.

డ్రైవింగ్ నేర్పే ఉద్యోగం నుంచి రిటైరై డిటెక్టివ్ అవతారమెత్తిన తమ్ముణ్ణి చూసి హెల్కాకి ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఊళ్లోవాళ్లని పోగేసి వాగు గట్టున బాల్సం మొక్కలు పీకిస్తోందామె. పూలు గులాబీరంగులో ముచ్చటగానే ఉంటాయి గానీ, ఆ మాయదారి మొక్క గట్టున ఇంకోదాన్ని బతకనివ్వదు. నిరుడు గట్టంతా శుభ్రమైంది. ఈ ఏడు పొరుగు రైతు, ముసలి తైస్తో కంచె వెంట మళ్లీ బారుగా మొలిచింది.

పని ముగిసి అందరూ కాఫీ, బన్నుల చుట్టూ చేరారు. కాఫీ అయ్యేదాకా తగవులు ఎత్తకపోవడం అక్కడి మర్యాద. ఇల్పోకి మర్యాదతో పనేముంది?

"నేరస్థుడు మన మధ్యే ఉన్నాడు," అంటూ తేనెటీగలు పెంచే తైస్తో వైపు వేలు చూపించాడు. "బాల్సం పూలంటే ఈగలకి ప్రాణం. తేనె కోసం గింజలు చల్లింది నువ్వే బాబాయ్. నిరుటి నుంచీ నీ కంచె పక్కనే మాటు వేశాను."

"మాటు వేశావా? ఒంటికి వచ్చావనుకున్నా," అన్నాడు తైస్తో.

ఎవరో కిసుక్కుమన్నారు. ముసలాయన మాత్రం కప్పు కింద పెట్టేశాడు. "దొంగ అనిపించుకున్న చోట నాకేం పనమ్మాయ్? రేపట్నుంచి నా గేటుకి తాళం."

వాగు ఎగువంతా ఆయన పొలంలోనే ఉంది. అక్కడ పీకకపోతే గింజలు నీళ్లలో కొట్టుకొస్తాయి, ఆరేళ్ల చాకిరీ గంగలో కలుస్తుంది.

"ఉత్తినే అనడానికి నేనేమన్నా పిచ్చివాణ్ణా?" ఇల్పో భూతద్దం కోసం తడుముకుని, దొరక్క జేబు బయటికి తిరగేశాడు. నల్లటి గింజలు బన్నుల మీద జలజలా రాలాయి.

"ఏంట్రా ఇవి?" అంది హెల్కా.

"ఆధారాలక్కా. నిరుడు పక్కూళ్లో ముదిరిన కాయలు కోసి భద్రంగా దాచా."

హెల్కా ఆ జేబులో వేలు పెడితే అడుగున ఉన్న చిల్లులోంచి బయటికొచ్చింది.

"కంచె వెంట ఏడాదిగా తిరిగిందెవర్రా?"

ఇల్పో జేబుని లోపలికి తోసేసి కాలరు సర్దుకున్నాడు. "చూశావా? నా చేతికి చిక్కని నేరస్థుడు లేడని ఎప్పుడో చెప్పాను."

"చిక్కాడుగా. ఆ బారు మొత్తం వాడొక్కడే పీకుతాడు. కాఫీకి తీరిక లేదన్నావు, మంచిదే."

తైస్తో బన్నుల మీది గింజలు ఒక్కొక్కటే ఏరి కాఫీ కాచిన నిప్పులో వేసి, కప్పు మళ్లీ అందుకున్నాడు.

"తాళం వెయ్యన్లే అమ్మాయ్. వాణ్ణి మాత్రం కోటు విప్పించి పంపు."