కాయలైపోతే తగ్గుతుంది

రోగాన్ని గుర్తించడానికి వైద్యుడు కావాలన్నది ఈ కాలపు మూఢనమ్మకాలన్నిటిలోకీ పెద్దది. పాఠకులు మన్నించాలి, తొందరపడి అంటున్న మాట కాదిది. సత్తెనపల్లి దాపున మా ఊరికి వచ్చి, ఆదివారం ఆరాధన ముగిశాక మా మందిరపు వరండాలో కాసేపు నిలబడండి. మీరే ఒప్పుకుంటారు.

అక్కడ నిలుచున్న ప్రతివాడూ వైద్యుడే! టోకెన్ లేదు, రక్తపరీక్ష లేదు, బెంచీ మీద పడిగాపులు లేవు. రోగి నోరు తెరిచేలోపే రోగానికి పేరు సిద్ధం. ఇంతటి వేగం ఏ కార్పొరేట్ ఆసుపత్రికి ఉందో చెప్పండి?

నేను ఉద్యోగమంతా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఎవరైనా ఒక పద్యపాదం చదివి ఇదేం వృత్తమని అడిగితే గణాలు విడదీస్తాను, యతి చూస్తాను, ప్రాస చూస్తాను, ఆ తరువాతే పేరు చెబుతాను. చూడకుండా చెబితే సభలో నవ్వుతారు. అదే, మనిషి చెయ్యి చూడకుండా రోగం పేరు చెప్పండి, కుర్చీ వేసి కాఫీ ఇస్తారు! ఛందస్సు కంటే వైద్యం ఎంత సులువైన విద్యో తెలియడానికి ఇంకేం కావాలి?

మా విద్యకు నిలువెత్తు నిదర్శనం ఎలీసమ్మ చేతులు.

ఎలీసమ్మ మా సంఘంలోని మనిషే. నలభై దాటలేదు. కల్లంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీయడంలో ఆమె వేళ్ళకు సాటి వచ్చే వేళ్ళు మా చుట్టుపక్కల లేవు. ఆదివారం పాటలకు కంజిర కూడా ఆ వేళ్ళదే. అటువంటి మనిషికి ఒక సీజన్ నడిమధ్యలో పిడికిళ్ళ కణుపులు వాచాయి. ఒక చేతికి కాదు, రెండింటికీ, అద్దంలో చూసినట్టు ఒకేలాగ. ముట్టుకుంటే వేడి.

"పొద్దున్నే చెంబు పట్టుకోలేకపోతున్నా మాస్టారూ. పొద్దెక్కితే గానీ వేళ్ళు నా మాటినటం లేదు" అని వరండాలో చెప్పుకున్నది.

మేము ఆలోచించామా? ఛీ ఛీ! అందరం ఒక్క గొంతుతో "కాయల మంట" అన్నాం.

ఆమె భర్త జక్రయ్య అయితే చికిత్స కూడా చెప్పేశాడు. "నేను ముందే అన్నా మాస్టారూ. మజ్జిగలో చేతులు పెట్టుకోవే అంటే ఇనదు. కాయలైపోతే అదే తగ్గుద్ది."

మిరప ఘాటు చర్మాన్ని మండిస్తుంది గానీ లోపలి కీలు వాచేలా ఎందుకు చేస్తుంది, రోజంతా కల్లంలో ఉన్నప్పుడు లేని బిగుతు నిద్ర లేచేసరికి ఎక్కడినుంచి వస్తుంది అని అడిగే కుసంస్కారులు దైవకృప వల్ల మా వరండాలో లేరు.

కాయలైపోయాయి. బస్తాలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాయి. వాపు మాత్రం ఎలీసమ్మ దగ్గరే ఉండిపోయింది.

మేము బెదిరామా? ఎండాకాలంలో "పని లేక పట్టేశాయి" అన్నాం. వానలు పడ్డాక "ముసురు" అన్నాం. పత్తి తీతలు మొదలవగానే "పత్తికాయ మొనలు గుచ్చుకున్నాయి" అన్నాం. అంతలో మళ్ళీ మిరప కోతలు వచ్చాయి, మళ్ళీ "కాయల మంట" అన్నాం. ఈ నల్లరేగడి ఎంత చల్లని తల్లో చూశారా! ఏ కాలానికి ఆ కాలం ఒక కారణాన్ని పండించి ఇస్తుంది. పత్తికి గులాబీ పురుగు పడుతుంది, మిరపకు తామర పురుగు పడుతుంది, మా కారణాల పంటకు ఏ పురుగూ పట్టదు!

మా ఆర్‌ఎంపీ బాపయ్యను కూడా ఇక్కడ తలచుకోకపోతే కృతఘ్నుణ్ణవుతాను. ఆయన చెయ్యి చూడకపోయినా కంటి రెప్ప లాగి చూశాడు. "కాల్షియం తక్కువమ్మా, నరాల వీక్‌నెస్సు, దానికి తోడు కాస్త గ్యాసు. ఒక్క సూదేస్తా, ఆదివారానికల్లా నువ్వే గారెలు వండి మా ఇంటికి పంపిస్తావు" అన్నాడు. నిజంగానే పంపింది! సూది పనిచేసినన్నాళ్ళు గారెలు, దాని బలం తగ్గాక మూలుగులు, ఆపైన మళ్ళీ సూది. ఆ సూదిలో ఏముందని ఎవరూ అడగలేదు. పెద్దమనిషిని అలా అడగడం మర్యాదా?

ఆకలి తగ్గింది. ఉపవాసాలు ఎక్కువయ్యాయన్నాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడి, చీపురు పట్టే ఓపిక కూడా ఉండేది కాదు. బద్ధకమన్నాం. వాట్సాప్‌లో వచ్చిన రాగి కడియం తొడిగించాం, వెల్లుల్లి పాలు తాగించాం. వాచిన మణికట్టుకు కడియం బిగిసిపోతే సబ్బు రాసి లాగించాం కూడా. సేవలో లోపం లేదు!

అయినా మా విద్య శిఖరానికి చేరింది ఆ తరువాతే.

మా సంఘంలో ఒకరికొకరు ఎదురైతే రెండు చేతులూ జోడించి "వందనాలండీ" అనడం ఆచారం. ఎలీసమ్మ చేతులు జోడించడం మానలేదు గానీ అరచేతులు కలవడం మానేశాయి. మధ్యలో పిచ్చుకపిల్లను దాచుకున్నట్టు ఒక సందు. కొన్నాళ్ళకు ఆ సందు ఎవరికీ కనబడకుండా కొంగు కప్పుకోవడం మొదలుపెట్టింది. కంజిర మరొకరికి ఇచ్చేసింది.

ఇది చూడని కన్ను మా సంఘంలో లేదు. "కొత్త సెల్లు కొన్న కాడినుంచి వందనం గూడా సగమే పెడతంది మహారాణి!" అన్నదొక సహోదరి. తక్షణమే రోగం తేలిపోయింది. గర్వం! పాస్టరుగారు ఆ వారం దీనత్వం గురించి దీర్ఘంగా ప్రసంగించారు. ఎలీసమ్మ ముందు వరుసలో కొంగు కింద చేతులు పెట్టుకుని ఆసాంతం విన్నది. కీళ్ళ వాపుకు ప్రసంగాన్ని మందుగా వాడిన తొలి సంఘం బహుశా మాదే.

ఇంత చక్కగా సాగుతున్న వైద్యం ఎలా చెడిపోయిందో చెబుతాను. జక్రయ్య ట్రాక్టరు ట్రక్కు మీదనుంచి జారాడు. మోకాలు వాచింది.

మోకాలు! అదీ మగవాడిది! దాన్ని మజ్జిగలో పెట్టమని ఎవరూ అనలేదు. కాయలైపోతే తగ్గుతుందని కూడా అనలేదు. మర్నాడే గుంటూరు ప్రయాణం, కీళ్ళ డాక్టరు నగ్మా గారి దగ్గరకు. సంచీ మోయడానికి ఎలీసమ్మ వెంట వెళ్ళింది.

అక్కడ జరిగిన అన్యాయాన్ని జక్రయ్యే మా వరండాలో విన్నవించుకున్నాడు. అతను మోకాలు చాపి కూర్చుని, మంచినీళ్ళిమ్మని భార్యను అడిగాడట. ఎలీసమ్మ సీసా మూత వేళ్ళతో తిప్పబోయి, తిరగక, పళ్ళతో తీసింది. అంతే, ఆ వైద్యురాలు మోకాలిని అక్కడే వదిలేసింది.

"ఇలా వచ్చి చేతులు చూపించమ్మా."

"నొప్పి నాదండీ డాక్టరుగారూ! చీటీ గూడా నా పేరు మీదే రాయించాం!"

"మీ మోకాలు ఎక్కడికీ పోదు, కూర్చోండి. అమ్మా, పొద్దున లేచాక వేళ్ళు వదులవడానికి ఎంతసేపు పడుతుంది?"

ఎలీసమ్మ ఆ ప్రశ్నను మళ్ళీ అడిగించుకున్నదట. అడిగించుకోదా మరి? అలాంటి ప్రశ్న మా వైద్యంలో లేదు కదా!

"పిల్లలు బడికెళ్ళిందాకా అండి. ఒక్కోనాడు పది దాటుద్ది."

"రెండు చేతులూ ఒకేలాగానా?"

"రెండూనండి. కాళ్ళు గూడా. మంచం దిగితే గులకరాళ్ళ మీద నడిచినట్టే ఉంటది."

"కాళ్ళ సంగతి నాకెప్పుడు చెప్పావే?" అన్నాడు జక్రయ్య.

"నువ్వెప్పుడు అడిగావయ్యా?"

డాక్టరుగారు కణుపుల వరుసను రెండు వైపులనుంచి మెల్లగా నొక్కారు. ఎలీసమ్మ పెదవి కొరుక్కున్నది. ఆపైన రక్తపరీక్షలు, ఎక్స్‌రే. చివరకు పేరు చెప్పారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన పాతవాళ్ళు ఆమవాతమన్నది దీనికి దగ్గరిదే. ఒంటిని కాపాడవలసిన రక్షణ బలగమే పొరపాటున సొంత కీళ్ళ మీద దండెత్తుతుందట.

"మొదటి నెలల్లో వచ్చి ఉంటే ఈ రెండు వేళ్ళు వంకర పోయేవి కావమ్మా. ఇక ముందుకు పోకుండా ఆపడానికి మంచి మందులున్నాయి. వంగినదాన్ని మాత్రం మందుతో తిన్నగా చేయలేను" అన్నారట.

ఎంత తేలిక విద్య చూశారా! చెయ్యి పట్టుకుని చూడడం, పొద్దున ఎలా ఉంటుందని అడగడం, చెప్పింది వినడం. ఇదీ ఒక గొప్పేనా? రక్తపరీక్ష సంగతి పక్కన పెడితే ఈ పని మా వరండాలో ఎవరైనా చేయగలరు!

నాదింకొక ఇబ్బంది. లేఖనాలు నిత్యం చదివేవాణ్ణి గనుక, స్వస్థతను గురించిన కథలన్నీ నాకు కంఠస్థం. ఆ కథలలో అద్భుతానికి ముందు ప్రభువు ఆగి, ఆ రోగి వైపు చూస్తాడు. ఆ వాక్యం దగ్గర మేము సాధారణంగా పేజీ తిప్పేస్తాం. అద్భుతం తరువాతి పేజీలో ఉంటుంది కదా!

ఇప్పుడు ఎలీసమ్మ వారానికొకనాడు మాత్ర వేసుకుంటోంది. మరిచిపోకుండా ఆదివారమే పెట్టుకుంది. వాపు దిగింది. చెంబు పట్టుకోగలుగుతోంది. కంజిర మాత్రం తిరిగి తీసుకోలేదు. వందనంలో ఆ సందు అలాగే ఉంది, కొంగు మాత్రం కప్పుకోవడం లేదు. గర్వమని పేరు పెట్టిన సహోదరి దానికేసి చూడకుండా వందనాలు చెబుతోంది.

పోయిన ఆదివారం ఎలీసమ్మ చెల్లెలు ఫెబా వరండాలో వేళ్ళు నలుపుకుంటూ నిలుచుంది. మా ఊరి కోడలే. పిడికిళ్ళ కణుపులు రెండు వైపులా ఉబ్బి ఉన్నాయి. పొద్దున్నే పిల్లకు జడ వేయలేకపోతున్నానని అక్కతో అంటోంది. కోతలు ఇంకా సగం కూడా కాలేదు.

"రేపు మొదటి బస్సుకి గుంటూరు పోదాం పదవే" అన్నది ఎలీసమ్మ.

ఫెబా భర్త మార్క్ నవ్వాడు. "కోతలప్పుడా వదినా? కూలోళ్ళు దొరక్క నేను చస్తంటే! అది ఒట్టి కాయల మంట. మాస్టారూ, మీరు పెద్దోళ్ళు, మీరైనా చెప్పండి."

వరండా అంతా తల ఊపింది. పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా పొద్దున్నే చెంబు జారవిడిస్తే చూడనట్టే ఉండండి. వేళ్ళు ఎంతసేపటికి వదులవుతున్నాయని పొరపాటున కూడా అడగకండి. అడిగారా, మా విద్య మంట గలిసినట్టే!

వెళ్ళేముందు ఫెబా మా అందరికీ వందనం పెట్టింది. ఆమె అరచేతులు ఇంకా కలుస్తున్నాయి.

తొందరేముంది? కాయలైపోనివ్వండి.