పాట లేని పడవ

ఆ రోజు పొద్దున్న వెంకటనరసమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. బొమ్మిడాయల పులుసు వండి, కొడుకు ప్రసాదరావు పడవ దిగగానే కడుపునిండా తినిపించి, ఆ పడవ ఉద్యోగం మానెయ్యమని చెప్పాలి.

మార్గశిర మాసం. కొల్లేటి మీద పొగమంచు ఏకిన దూదిలా పరుచుకుని ఉంది. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గూడబాతులు ఆ తెలుపులోంచి తేలివచ్చి మళ్లీ ఆ తెలుపులోకే తేలిపోతున్నాయి. చూసేవాళ్లకి కల కంటున్నట్టే ఉంటుంది. ఒక్కగానొక్క కొడుకు నీళ్ల మీద తిరుగుతున్న తల్లికి మాత్రం అందులో సుడిగుండాలూ, దారి తప్పిన పడవలూ, ఏమీ లేకపోతే జలుబూ కనిపిస్తాయి.

విశ్వవిద్యాలయం వారి గ్రంథాలయం ఏలూరుకి పంపిన పుస్తకాలను పడవలో పెట్టుకుని లంకగ్రామాలు తిరగడం ప్రసాదరావు ఉద్యోగం. అడిగినవాళ్లకి చదువుకోవడానికి ఇవ్వాలి, మళ్లీ వచ్చినప్పుడు తీసుకుపోవాలి. పైసా పుచ్చుకోరు. కొల్లేటికి అంత సదుపాయం అంతకుముందు ఎవరు చేశారు గనక! కాని పడవ వచ్చే వేళకి మగవాళ్లు చేలల్లోనో వలల దగ్గరో ఉంటారు, ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు. పుస్తకాలు వచ్చినవి వచ్చినట్టే తిరిగిపోతున్నాయి. అందుకని ఈసారి చలపతిరావుగారనే అధికారి స్వయంగా పడవలో వస్తున్నారు. చదివేవాళ్లు కనిపించకపోతే పడవ ఆపించేస్తారట. ప్రసాదరావుకి ఆ పడవంటే ప్రాణం. అది ఆగిపోవాలని అతని తల్లి మొక్కుకుంది.

"పుస్తకాలు ఊరికే ఉండవు వదినా, తేమ పీల్చి రోజురోజుకీ బరువెక్కుతాయి. ఏదో ఒకనాడు పడవని ముంచుతాయి," అంది పక్కింటి వీరరాఘవమ్మతో.

"మీవాడికి ఈత వచ్చుగదండీ వదినగారూ!"

"వస్తే మాత్రం? పుస్తకాలు వదిలేసి ఈదే రకమా వాడు?"

అదే సమయానికి పడవలో చలపతిరావుగారు తెరచాప కొయ్యకి ఒక బోర్డు కట్టిస్తున్నారు. దానిమీద 'నిశ్శబ్దం' అని రాసి ఉంది. గ్రంథాలయం నేలమీద ఉన్నా నీళ్లమీద ఉన్నా ఒకటే నియమం అని వారి అభిప్రాయం. గెడ వేసే యాకోబు గొంతెత్తి పాడబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"పాట లేకుండా వెడితే మావాళ్లు మరోలా అనుకుంటారండీ," అన్నాడు ప్రసాదరావు.

"ఏమనుకుంటారయ్యా? గ్రంథాలయం అనుకుంటారు. నువ్వు లోపల కూచుని పుస్తకాల పద్దు రాయి."

వారు ఏలూరువారు, వారికేం తెలుస్తుంది? కొల్లేట్లో పడవ పాట లేకుండా రాదు. మంచులో ఎదురొచ్చే పడవకి తెలియాలి గదా! శవాన్ని తెచ్చే పడవ ఒక్కటే మౌనంగా వస్తుంది.

ప్రసాదరావు తాటాకు గూడు లోపలికి వెళ్లి, పద్దు రాస్తూ రాస్తూ నిద్రలోకి జారుకున్నాడు. గూడు బయట మంచంపొడుగు పుస్తకాల పెట్టె మంచుకి తడవకుండా దానిమీద తెల్ల దుప్పటి కప్పి ఉంది. దాని పక్కన చలపతిరావుగారు తల వంచుకుని ఏదో చదువుకుంటున్నారు. తామరాకుల మధ్యనుంచి, చప్పుడు లేకుండా, నిద్రలో నడిచినట్టు పడవ సాగింది.

రేవులో నిలబడ్డ వెంకటనరసమ్మకి ముందు పాట వినిపించలేదు. తరవాత మంచు పలచబడ్డచోట పడవ కనిపించింది. వంచిన తల కనిపించింది. తెల్ల దుప్పటి కనిపించింది.

"యాకోబూ! మా అబ్బాయేడీ?" అని కేక వేసింది.

యాకోబు బెదురుగా అధికారివైపు చూసి, నోటిమీద వేలు పెట్టుకున్నాడు. మాట్లాడకూడదని అర్థమయ్యేలా ఆ వేలితోనే పైన ఉన్న బోర్డు చూపించాడు. మంచులో బోర్డు కనిపించలేదు. పైకి చూపించిన వేలు మాత్రం కనిపించింది.

వెంకటనరసమ్మ పెట్టిన శోకం నీళ్లమీదుగా పక్క లంకలదాకా వినిపించింది.

కంటికి ఎదురుగా ఉన్నా, పడవ రెల్లుదుబ్బులన్నీ చుట్టి రేవుకి రావాలంటే అన్నం వండి వార్చినంత సేపు పడుతుంది. ఆ లోపల చేలల్లోంచి మగవాళ్లు వచ్చారు. వలలు వదిలేసి జాలర్లు వచ్చారు. పక్క లంకలనుంచి దోనెలు వచ్చాయి. ఎవరో వెదురు కొట్టుకొచ్చారు. చావు కబురు విన్న ఇంట్లో వండింది ఉంచకూడదని వీరరాఘవమ్మ ఏడుస్తూనే పులుసు పారబోసింది.

పడవ రేవుకి తగిలేసరికి గట్టంతా జనం. ఎవరూ మాట్లాడడం లేదు. మగవాళ్లు తలపాగాలు తీశారు.

చలపతిరావుగారు తెల్లబోయి లేచారు. "ఇంతమందా!" అన్నారు మెల్లిగా.

నలుగురు మనుషులు మోకాలిలోతు నీళ్లలోకి దిగి, పెట్టెను దుప్పటితో సహా భుజాల కెత్తుకుని గట్టుమీద దించారు. ఆడవాళ్లు దానిమీద పడి ఘొల్లుమన్నారు. చలపతిరావుగారి కళ్లు చెమర్చాయి. పుస్తకాలను భుజాల మీద మోసే ఊరిని వారెక్కడా చూడలేదు.

"అమ్మా! ఎందుకే ఏడుస్తున్నావు?" అంటూ ప్రసాదరావు ఆ గోలకి నిద్ర లేచి గూడులోంచి వంగుని బయటికొచ్చాడు.

వెంకటనరసమ్మ కొడుకుని చూసింది. పెట్టెను చూసింది. మళ్లీ కొడుకుని చూసింది.

"నువ్విక్కడుంటే, ఒరే నాయనా, ఇందులో ఉన్నదెవర్రా?"

దుప్పటి తీశారు. మూత తీశారు. పుస్తకాలు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పనులు చెడగొట్టుకుని అంతదూరం వచ్చి ఊరికే పోవడానికి మొహమాటం. ప్రసాదరావుకి సంగతి బోధపడింది. నవ్వు బిగబట్టి, "వచ్చారు గనక తలొకటీ పట్టుకెళ్లండి. చదువు రానివాళ్లు వచ్చినవాళ్లచేత చదివించుకోండి," అన్నాడు. చూస్తూండగానే పెట్టె ఖాళీ అయింది. వెదురు తెచ్చినవాడు రెండు పుస్తకాలు పట్టుకెళ్లాడు.

వెంకటనరసమ్మ కొడుకు ఒళ్లంతా తడిమి చూసుకుని, చలపతిరావుగారి దగ్గరికి వెళ్లింది. "బాబూ, మీకు పుణ్యముంటుంది. ఈ పడవ ఆపించెయ్యండి."

"ఆపించడమా! అమ్మా, ఈ కన్నీళ్లు చూశాక కూడానా? వానాకాలంలో, వరదల్లో కూడా ఆగదు. నెలకోమారు కాదు, ఇకనుంచి వారంవారం వస్తుంది. మీ అబ్బాయే తెస్తాడు," అని ఆయన ఆమెకు నమస్కారం చేశారు.

వెంకటనరసమ్మ గట్టుమీద కూలబడింది. ఈసారి శోకం పెట్టడానికి భయపడింది. ఏడిస్తే ఇంకో పడవ కూడా పంపిస్తారేమో!

తిరుగు ప్రయాణంలో మంచు విడిపోయి, ఎండ నీళ్లమీద బంగారంలా కరిగింది. చలపతిరావుగారు చాలాసేపు ఆ లంకవైపే చూస్తూ కూచున్నారు. చివరికి అన్నారు:

"చాలా మెత్తని మనసులయ్యా ప్రసాదరావూ, విషాదాంత నవలలు మాత్రం వీళ్లకి ఇవ్వకు."