సామూహిక తద్దినం వర్ధిల్లాలి!

మంత్రానికి నోరు అక్కర్లేదు. అర్థం అసలే అక్కర్లేదు. ఫోనులో ఛార్జింగ్ ఉంటే చాలు!

ఈ మాట అన్నందుకు నన్ను కొట్టాలనుకునే ఛాందసులు వరసలో రండి. పెందుర్తిలోనే ఉంటాను, ఎక్కడికీ పారిపోను. కానీ వచ్చేముందు ఒక్కసారి సామూహిక తద్దినంలో చేరి చూడండి. ఆ తర్వాత కొట్టబుద్ధి కాదు. ఏదీ చెయ్యబుద్ధి కాదు.

తెలియని అభాగ్యుల కోసం చెబుతున్నాను. మా నరసింహమూర్తి పంతులుగారు ఇళ్లకు రావడం మానేశారు. ఒక గదిలో, ఒక ఫోను ముందు కూర్చుంటారు. ఒకే తిథినాడు మనిషిని పోగొట్టుకున్న నలభై ఇళ్లవాళ్లం మా మా ఫోన్ల ముందు కూర్చుంటాం. ఆయన ఒక్కసారి చదువుతారు. నలభై తద్దినాలు అయిపోతాయి! ఇంజను ఒకటి, బోగీలు నలభై. రోజూ ఇనుప ఖనిజం రైళ్లను చూసే ఊరు మనది. ఈ సూత్రం మనకి ఎవరైనా నేర్పాలా?

క్రమశిక్షణ కూడా గొప్పది. ‘దశమి బ్యాచ్ ఫుల్, ఏకాదశిలో సీట్లున్నాయి’ అని మెసేజ్ వస్తుంది. మా వీధిలో ఒకాయన తన తండ్రిని ఆ విధంగా ఒక రోజు ఆలస్యంగా చంపుకున్నాడు. తండ్రి ఏమైనా అభ్యంతరం చెప్పాడా? లేదు!

పూర్వం ఏముండేది? సబ్బవరం దగ్గర మా ఊరికి పంతులుగారు సైకిల్ మీద వచ్చేవారు. వచ్చి అరుగుమీద కూర్చుని, పోయినవాళ్ల పేరు అడిగేవారు. ఎలా పోయారని అడిగేవారు. ఏమంటే ఇష్టంగా తినేవారని అడిగేవారు. ఎంత కాలహరణం! ఇప్పుడా బాధ లేదు. ఎవరూ ఏమీ అడగరు. నలభై నిమిషాల్లో అందరం ఖాళీ.

అర్థం తెలియాలి అనేవాళ్లకు నాదొక ప్రశ్న. కరెంటు బిల్లు అర్థమయ్యే కడుతున్నారా?

పోయిన నెల నా భార్య మూడో తద్దినం. నా కూతురు పుష్ప ఫోనును బియ్యం డబ్బాకి ఆనించి పెట్టింది. “నాన్నా, ఏదీ నొక్కకు. ఆయనేటి సెప్తే అది సెయ్యి” అంది. నేను తెల్ల పంచె కట్టుకుని, ముందు నువ్వులూ నీళ్లూ పెట్టుకుని కూర్చున్నాను.

తెరమీద ఆ వైభవం చూడాలి! ఒకింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. శంఖం అనుకుని ఇంకొకింట్లో ముసలాయన దణ్ణం పెట్టాడు. ఒకామె నువ్వులు దొరక్క నువ్వుండ చిదిపి పెట్టుకుంది. ఒక కుర్రాడు డ్యూటీ నుంచే హాజరు, నెత్తిమీద హెల్మెట్ తియ్యలేదు. పితృదేవతలకు సేఫ్టీ అంటే గౌరవం ఉండదా? “తువ్వాలు కుడి భుజానికి మార్చండి” అన్నారు పంతులుగారు. ఎదురుగా కూర్చున్న మనిషి కుడి మనకి ఎడమ. ఇరవైమంది ఇటు, ఇరవైమంది అటు మార్చుకున్నారు. పోయినవాళ్లకు రెండు దారులూ తెరుచుకున్నాయి.

తర్వాత అసలు ఘట్టం. “ఇప్పుడు ఎవరివాళ్ల పేరు వాళ్లు చెప్పండి” అన్నారు.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. నేను నా భార్యను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. మా వైపు మొగుడూ పెళ్లాం పేర్లు పలకరు. ముప్పైనాలుగేళ్లు నేను “ఒలే” అన్నాను, ఆమె “ఏటి” అంది. సంసారం ఆ రెండు మాటల మీద నడిచిపోయింది. పిల్లకి ఆమె అమ్మ. వీధికి పుష్ప వాళ్లమ్మ. ఆమె పేరు పైకి వినపడేది ఇప్పుడు ఏడాదికి ఒక్కరోజు, పంతులుగారి నోట. ఈసారి అదీ నేనే చెప్పాలి. సరే, గొంతు సవరించుకున్నాను.

నలభైమందీ ఒక్కసారి అరిచారు. చేపల వేలంపాట! పంతులుగారు కంగారుపడి అందరినీ ఒకే మీటతో మ్యూట్ చేశారు. ఒక్కడు తప్పించుకున్నాడు. తెరమీద ‘తాతబాబు బోట్’ అని ఉంది. వాడి వెనక నిజంగానే చేపల వేలంపాట జరుగుతోంది.

“మా నాన్న ఎల్లారావండీ!” అన్నాడు తాతబాబు.

“ఎల్లారావు నామధేయస్య” అని అందుకున్నారు పంతులుగారు. “అందరూ నాతో అనండి!”

అందరం అన్నాం. నేనూ అన్నాను! బడిలో అలవాటు, ఎవరైనా చెబితే నోరు దానంతట అది తిరిగి చెబుతుంది. నా భార్య పేరు చెప్పవలసిన నోటితో ఎల్లారావు అన్నాను. నువ్వులూ నీళ్లూ వదిలేశాను.

ఆ రోజు పైలోకంలో ఎల్లారావుకి నలభై ఇళ్ల భోజనం. ఎంత ఘనత! ఏ మహారాజుకి దక్కింది? మిగతా ముప్పైతొమ్మిదిమందీ ఖాళీ ఆకుల ముందు కూర్చుని ఆయన తినడం చూసి ఉంటారు. వాళ్లలో మా మనిషి ఒకతి.

పంతులుగారికి ఫోన్ చేశాను.

“ఎవరిది ఎవరికి చేరాలో పితృదేవతలకి తెలుసండీ” అన్నారు.

“తెలిస్తే మీరెందుకండీ?” అన్నాను.

పెట్టేశారు. వెంటనే మెసేజ్ వచ్చింది, మా సేవలకి ఎన్ని నక్షత్రాలిస్తారని. అయిదిచ్చాను. నేను సంస్కరణవాదిని.

మర్నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. ఎల్లారావు దగ్గర లెక్క తేల్చుకోలేను గనక కొడుకు దగ్గర తేల్చుకుందామని. తాతబాబు బోటు పక్కన కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు.

“నువ్వేనా తాతబాబు?”

“నానే. ఏటి బాబాయ్, సేపలా?”

“చేపలు కాదు. మీ నాన్న నా పెళ్లాం కూడు తినేశాడు.”

సంగతి విన్నాడు. వల ఒళ్లో పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. “నలబై ఇల్లదా! ఓర్నాయనో! సూడు బాబాయ్, మా నాన్న ఒక్కడూ కూకుని తినే మనిసి కాదు. బోటు మీద ఒక్క ముక్కుంటే ఏడు ముక్కలు సేసి ఎట్టీవోడు. ఈపాటికి అందర్నీ కేకేసి ఎట్టీసుంటాడు.”

“కేకెయ్యడానికి పేరు తెలియాలి కదా!”

ఆ మాట వాడికి పట్టింది. నవ్వు ఆపాడు. “నిజవే. పిన్ని పేరేటి?”

నేను సముద్రం చూశాను. బోట్లు చూశాను. ఐసు లారీ చూశాను. వాడు కదలకుండా నా మొహంకేసి చూస్తున్నాడు.

చెప్పాను.

తాతబాబు లేచాడు. లుంగీ పైకి కట్టాడు. నీళ్లకేసి తిరిగి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. “నాన్నోయ్! నూకాలు పిన్ని వచ్చింది! పెందుర్తి పిన్ని! ముందు ఆవిడికెట్టు! సిగ్గుపడతాదేమో, నువ్వే అడిగి ఎట్టు!”

పక్క బోటులోవాళ్లు తలెత్తి చూశారు. “ఎవుల్రా?” అని ఒకడు అడిగాడు. “నూకాలు పిన్నిరా!” అన్నాడు తాతబాబు. వాళ్లకి అంతా తెలిసినట్టే తలూపారు.

ఈ వ్యవహారం మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. తిథి లేదు. గోత్రం లేదు. చేసినవాడు లుంగీలో ఉన్నాడు, చేతులకి చేప పొలుసులు. అర్హత లేని మనిషి, అర్థమయ్యే భాషలో, ఒకే ఒక్క ఇంటికోసం అంత గొంతు వాడెయ్యడం ఆధునిక పద్ధతికి పూర్తిగా విరుద్ధం. పంతులుగారి గ్రూపులో ఫిర్యాదు పెట్టాలని అక్కడే నిలబడి నిశ్చయించుకున్నాను.

ఫిర్యాదు సక్రమంగా ఉండాలి కదా! అందుకని, “సరిగ్గా వినపడలేదు, మళ్లీ అను” అన్నాను.

అరిచాడు.

“గాలి ఎక్కువగా ఉంది. ఇంకొకసారి.”

నా చెవులకి ఏ జబ్బూ లేదు. ఆ పూట గాలి కూడా లేదు.