డోలు పార్టీ గౌనుకి లాంతరు లైనింగు

ఆ శనివారం మలామా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఏడింటికల్లా ఛైర్‌లేడీ గౌను ఇచ్చేయాలి. ఎనిమిదింటికి ఇంటికెళ్లి చిలగడదుంపలు ఉడకేసుకుని తినాలి. ఆ తర్వాత రాజకీయాలు చెవిన పడని చోటేదన్నా చూసుకుని పడుకోవాలి. అధ్యక్ష ఎన్నికలకి పన్నెండు రోజులుందనగా లువాన్షా అనే ఈ గనుల ఊళ్లో అలాంటి చోటు దొరకదని ఆమెకీ తెలుసు. అయినా ఆశ.

మలామాది మా మార్కెట్లో గేటు పక్కన మూల కొట్టు. రేకు కప్పు, ఒక కుట్టుమిషను, వచ్చేపోయేవాళ్ల కంట పడే చోటు. ముగ్గురు ఆడపిల్లల చదువు ఆ మూల మీదే నడుస్తోంది. ఎవరికి ఏ కొట్టన్నది ఏడాదికోసారి మార్కెట్ కమిటీ జాబితా రాస్తుంది. కమిటీ అంటే ఛైర్‌లేడీ బానా చోలా. బానా చోలా అంటే డోలు పార్టీ, అంటే అధ్యక్షుడుగారి పార్టీ. ఈ ఏటి జాబితా సోమవారం గోడకెక్కుతుంది. అధ్యక్షుడుగారు మళ్లీ ఓటడగడానికి శనివారమే బడి మైదానానికి వస్తున్నారు. ఆయనెదుట ముందు వరసలో డోళ్లకి ఆడాల్సిన బానా చోలా, పార్టీ పంచిన నారింజరంగు చితెంగె, అదే డోలు బొమ్మల అచ్చు గుడ్డ, తెచ్చి మలామా ముందు పడేసింది.

"గౌను కుదిరిందా, మూల నీదే. కుదర్లేదా, మురిక్కాలవ పక్కన కూడా బోలెడు జాగా ఉంది," అంది.

ఓటరుగా మలామాకి గట్టి అభిప్రాయాలున్నాయి. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలతోపాటు వాటిని కూడా తీసుకెళ్లక తప్పదు. డోలు పార్టీ, దాని మీద పోటీకి దిగిన లాంతరు పార్టీ, రెండూ పంచిన గుడ్డలూ ఆమె తీసుకుంటుంది. ఇచ్చింది పుచ్చుకోవడం మర్యాద, ఓటు తన ఇష్టం. "వీళ్ల మొదటి అబద్ధం చిన్నదే ఉంటుందమ్మా. దాన్ని కప్పడానికి రెండోది ఆడతారు. రెండోదాన్ని కప్పడానికి వంతెన కట్టిస్తామంటారు. 'ఈ వంతెన నా వల్ల కాదు' అన్నవాడు ఒక్కడు కనపడనీ, నా ఓటు వాడికే," అంటుంది.

అసలు చిక్కు గుడ్డతో వచ్చింది. డోలు పార్టీ ఈసారి పంచిన చితెంగె దోమతెర కన్నా కాస్త నయం, అంతే. శుక్రవారం సాయంత్రం ఆ గౌనుని వెలుతురుకి పట్టి చూస్తే అవతలున్న టమాటాల కొట్టు మొత్తం కనిపించింది. లైనింగు లేకపోతే ఛైర్‌లేడీ పరువు మైదానం పాలవుతుంది. మలామా దగ్గర సరిపడా ఉన్న గుడ్డ ఒక్కటే, లాంతరు పార్టీవాళ్లు మూడు వారాల కిందట ఇచ్చిన ఊదారంగుది. దాని మధ్యలో వాళ్ల అభ్యర్థి పెద్ద మీసాలతో నవ్వుతున్నాడు. లోపలి గుడ్డని ఎవరు చూస్తారు? మలామా కత్తిరించి, బొమ్మ ఒంటివైపు ఉండేలా కుట్టేసింది. అభ్యర్థి సరిగ్గా ఛైర్‌లేడీ వెనక, నడుముకి కాస్త కిందగా కుదిరాడు.

శనివారం ఏడింటికి బానా చోలా వచ్చింది, వేసుకుంది, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని మురిసిపోయింది. "ఇక విప్పను," అని అలాగే మైదానానికి వెళ్లిపోయింది.

పక్క కొట్టులో ఎండుచేపలమ్మే న్యాజెరె ఇదంతా చూసింది. ఆమె ఎంగోని మనిషి, మలామా బెంబా మనిషి. ఈ రెండు తెగల మధ్య తిట్లంటే తాతలనాటి పరాచికం, కనపడగానే ఒకరినొకరు తిట్టుకోకపోతే ఇద్దరికీ ఒంట్లో బాగాలేదని అర్థం.

"కోతుల్ని తినే జాతిదానా, లోపలేం గుడ్డేశావే? అంత మందంగా ఉంది?"

"ఎలకల్ని తినేదానివి, నీకెందుకే?" అంటూనే మలామా దగ్గరికెళ్లి చెవిలో చెప్పింది.

న్యాజెరె చేతిలోని చేపలు బుట్టలో పడ్డాయి. "లాంతరు గుడ్డా? అది రంగు దిగుతుందే తల్లీ! ఆ గుడ్డతోనే నా మనవరాల్ని వీపున కట్టుకున్నాను. పసిదానికి కాస్త చెమట పట్టింది. దాని బుగ్గ మీద ఆయన మీసం ఇవాళ్టికీ అలాగే ఉంది. సబ్బుకి పోదు, బూడిదకి పోదు."

మలామా ఆకాశంకేసి చూసింది. పొద్దున చలి ఉంది గానీ ఎండ అప్పుడే ముదురుతోంది. బానా చోలా మామూలుగా నడిస్తేనే చెమటలు కక్కే మనిషి. ఇంకాసేపట్లో డోళ్లు మోగుతాయి, ఆమె ఆడుతుంది, చెమట పడుతుంది, ఊదా రంగు ఆ పల్చటి నారింజ గుడ్డ మీదికి పాకుతుంది. అధ్యక్షుడి కళ్లెదుట ఆయన ప్రత్యర్థి ఛైర్‌లేడీ వెనక భాగంలో నవ్వుతూ ప్రత్యక్షమవుతాడు. సోమవారం జాబితా. మురిక్కాలవ. మలామా కొట్టు న్యాజెరెకి అప్పగించి పరుగు తీసింది.

మైదానం గేటు దగ్గర నారింజ చొక్కాల కుర్రాళ్లు అడ్డంగా నిలబడ్డారు.

"ఎక్కడికమ్మా? ముందు వరస నిండిపోయింది."

"ఛైర్‌లేడీని కలవాలి నాయనా. గౌను విప్పించాలి."

"విప్పించాలా? ఎందుకు?"

నిజం చెప్పే ధైర్యం ఆ నిమిషంలో రాలేదు. నోటికి చిన్నది, ఎవరికీ హాని చెయ్యనిది ఒకటి వచ్చింది. "సూది ఉండిపోయింది లోపల. గుచ్చుకుంటుందేమోనని."

కుర్రాడు లోపలివాడికి కేకేశాడు. "ఛైర్‌లేడీ గౌనులో సూది ఉందట!" అవతలివాడు ఉట్టి సూది వార్తని ఉట్టిగా మోసుకెళ్లడం నామోషీ అనుకున్నాడు కాబోలు, "ఎవరో సూది పెట్టారట!" అన్నాడు. నీళ్ల పీపా దగ్గరికి చేరేసరికి దానికి విషం పూశారు. వేదిక మెట్లెక్కేసరికి పూసినవాళ్లు లాంతరు పార్టీవాళ్లని తేలిపోయింది. మలామా "కాదయ్యా, కాదు" అంటూ వెనకే పరిగెత్తింది గానీ వార్త ఆమె కన్నా ముందుంది.

బానా చోలా అప్పటికే ఆట మొదలెట్టింది. విషం సూది అనగానే రెండు చేతులూ గాల్లో అలాగే ఆగిపోయాయి. "ఉంది! ఉంది! ఇదిగో, నడుం దగ్గర గుచ్చుతోంది! అమ్మో, నా కాలు తిమ్మిరెక్కుతోంది!" అని కూలబడింది. నలుగురాడవాళ్లు ఆమెని ఎత్తి తరగతిగదిలోకి మోసుకెళ్లి, కంగారులో గౌను ఊడబెరికి దుప్పటి చుట్టారు. అధ్యక్షుడి కార్లని గని రోడ్డు మలుపు దగ్గరే ఆపేశారు. ప్రచారం చూసుకోవడానికి రాజధాని నుంచి వచ్చిన సిముకొండ అనే పెద్దమనిషి మైకు అందుకుని, "సోదరులారా! లాంతరు పార్టీ హత్యలకి దిగింది!" అని గర్జించాడు.

మైదానంలో గాలి మారిపోయింది. కుర్రాళ్లు గోడ పక్కన ఇటుకలు ఏరుకుంటున్నారు. లాంతరు ఆఫీసు మార్కెట్‌కి ఆనుకునే ఉంటుంది. అన్నీ కర్ర కొట్లు, ఒకటి అంటుకుంటే చివరిదాకా అంటుకుంటాయి. న్యాజెరె అక్కడే కూర్చుని ఉంది. మలామా రోజూ అందరికీ చెప్పే మాట, మొదటి అబద్ధం చిన్నదే ఉంటుందన్నది, ఇప్పుడు తనకే తగిలింది. తన్ని తను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

తరగతిగదిలోకి దూరి సిముకొండ చెయ్యి పట్టుకుంది. "అయ్యా, సూదీ లేదు, విషమూ లేదు. నేనే అబద్ధమాడాను. మీ గుడ్డ పల్చగా ఉందని లోపల లాంతరు గుడ్డేసి కుట్టాను. అది రంగు దిగుతుందని ఇందాకే తెలిసింది."

దుప్పటి చుట్టుకుని బల్ల మీద పడుకున్న బానా చోలా దిగ్గున లేచింది. కాలు తిమ్మిరి ఎటుపోయిందో! "లాంతరా? నా ఒంటి మీదా?" అంది. పక్కనున్నావిడ దుప్పటి కొంచెం ఎత్తి చూసి, చప్పుడు చెయ్యకుండా దించేసింది. "ఒంటి మీదికి దిగాడమ్మా. మీసాలతో సహా," అంది.

సిముకొండ కంగారుపడలేదు. అలవాటైన పని కాబోలు. "చూడమ్మా, ఒకసారి మైకులో అన్నాక అది జరిగినట్టే. నువ్వు వేదికెక్కి సూది దొరికిందని చెప్పు. ఛైర్‌లేడీ ప్రాణం కాపాడిన దర్జీవవుతావు. మూల కొట్టు నీ పేర రాయిస్తాను, బతికున్నంతకాలం. ఏమంటావు?"

మలామా కిటికీలోంచి చూసింది. ముందున్న కుర్రాళ్లు గేటు దాటుతున్నారు. ముగ్గురు కూతుళ్లూ కళ్లముందు మెదిలారు. మూల కొట్టూ మెదిలింది. "సరే, పదండి," అంది.

మైకు చేతికొచ్చింది.

"ఆగండి నాయనా! ఇటుకలు కింద పెట్టండి! సూది లేదు. నేను భయపడి ఆడిన అబద్ధం అది. డోలు పార్టీ ఇచ్చిన గుడ్డలోంచి ఆవలి మనిషి కనపడుతున్నాడు. అందుకని లోపల లాంతరు గుడ్డేశాను. లాంతరు గుడ్డ చెమట తగిలితే చాలు, వెలిసిపోతోంది. ఇద్దరూ మనకిచ్చిన గుడ్డలు ఇంతే. ఇక వాళ్ల మాటల సంగతి మీరే ఆలోచించుకోండి!"

అప్పుడు నాట్యం వరసలోంచి ఒక ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "నేనూ అదే వేశానే," అంటూ నారింజ గుడ్డ అంచు జానెడెత్తి చూపించింది. కింద ఊదా రంగు! ఆమె పక్కనావిడా ఎత్తింది. ఆ పక్కనావిడా. వరస మొత్తం లోపల లాంతర్లే. పల్చటి గుడ్డ కట్టుకుని ఎవరు మాత్రం గెంతుతారు? గేటు దగ్గర కుర్రాళ్లు వాళ్ల అమ్మల్ని గుర్తుపట్టి, సిగ్గుతో ఇటుకలు జారవిడిచారు. మైదానమంతా నవ్వులతో ఊగిపోయింది.

సిముకొండ మైకు లాక్కున్నాడు. "విన్నారా! లాంతరు పార్టీ రంగు ఒక్క చెమటకే వెలిసిపోయింది!" జనం ఈలలేశారు. సాయంత్రానికి లాంతరు పార్టీ జీపు వీధులెంట తిరిగింది. "డోలు గుడ్డలో పోబోయిన ఛైర్‌లేడీ పరువుని నిలబెట్టింది మన గుడ్డే!" మలామా చెప్పిన నిజాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. వంతెన మాట మాత్రం ఎవరూ మానలేదు.

సోమవారం జాబితా గోడకెక్కింది. ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి మూల కొట్టు బానా చోలా చెల్లెలి కూతురిది. మలామాకి మురిక్కాలవ పక్కన పదడుగులు. ఆమె జాబితా రెండుసార్లు చదువుకుని కొట్టులో కూర్చుని ఏడ్చింది. న్యాజెరె ఆ రోజు తిట్టలేదు. రెండు గుప్పిళ్ల చేపలు కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టింది. "నిజం చెప్పావు. నా కొట్టు మిగిలింది," అంది.

పోలింగు అయింది. లెక్కింపు మూడు రోజులు సాగింది. లాంతరు గెలిచింది.

మర్నాడు పొద్దున్నే మలామా మిషనుని ఊడదీసిన తలుపు చెక్క మీదికెక్కించి కాలవ వైపు మోయించబోతుంటే బానా చోలా రొప్పుకుంటూ వచ్చింది. నెత్తికి ఊదారంగు గుడ్డ.

"దించవే, దించు. ఎక్కడికి మోస్తున్నావ్? పదింటికి లాంతరు వాళ్లొస్తున్నారు, కొత్త కమిటీ రాయడానికి. ఆ లైనింగు నేనే అడిగి వేయించుకున్నానని చెప్పాలి నువ్వు."

"మీరడగలేదుగా అమ్మా."

"అడిగాననుకో."

"అనుకోను. ఒకసారి అబద్ధమాడి చూశాను, చాలు. జరిగింది చెప్తాను. లాంతరు గుడ్డ నేను కుట్టాను. మీరు మురిసిపోయి వేసుకున్నారు. చెమట పట్టేదాకా విప్పలేదు."

బానా చోలా క్షణం ఆలోచించింది. ముఖం విప్పారింది. "ఇందులో అబద్ధమేముంది? ఇది చాలు. మిగతాది వాళ్లడిగినప్పుడు చూద్దాంలే. మిషను మూలలోనే పెట్టు."

లాంతరు వాళ్లు వచ్చారు, విన్నారు, మిగతాది అడగలేదు. బానా చోలా ఛైర్‌లేడీగానే ఉండిపోయింది, మలామా మూలలోనే ఉండిపోయింది. చెల్లెలి కూతురికి కాలవ గట్టు దక్కింది.

ఆ శనివారం నుంచీ బానా చోలా ఒంటి మీది ముఖాన్ని పీచుతో, సబ్బుతో, బూడిదతో పూటకోసారి రుద్దుతూనే ఉంది. గెలిచింది ఆయనే అని తెలిశాక రుద్దడం మానేసింది.