బ్రూనోగారి సభ్యత్వం

"ప్రకృతిని ప్రేమించనివాడు మనిషే కాడు!" అని పలాసలో మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తలుపులన్నీ బిగించుకుని, ఏసీ వేసుకుని మరీ తీర్మానించాం. దోమలు కూడా ప్రకృతే గానీ, వాటిని లోపలికి రానిస్తే సమావేశం సాగదు కదా!

సంఘానికి అధ్యక్షులు జీడిపప్పు ఫ్యాక్టరీ వైకుంఠరావు గారు. కార్యదర్శిని నేను. ఆయన దగ్గినా మినిట్స్‌లో రాసుకోవడం నా పని.

అక్కుపల్లి తీరాన తాబేళ్లు పెట్టిన గుడ్లు ఏరి, వలకంచె లోపల ఇసుకలో పాతి, పిల్లలయ్యాక సముద్రంలో వదలడం మా సంఘం చేసే ఏకైక మంచిపని. నిజానికి చేసేది నూకాలమ్మ. చేపల వేటకెళ్లే ఇంటి మనిషి. వలలో తాబేలు పడితే పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టి సముద్రంలో వదిలేసే జనం వాళ్లు. భర్త నడుం పడిపోయి వేట మానేశాక, ఈ కాపలా జీతమే ఆ ఇంటికి కూడు.

గుడ్లకు పెద్ద గండం కుక్కలు. అందుకే "సభ్యులకు మాత్రమే ప్రవేశం. కుక్కలకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టించాం. ప్రతిపాదించింది వైకుంఠరావు గారే. ఆ మాట పట్టుకుని నూకాలమ్మ తన కుక్క నల్లోణ్ణి మూడు నెలలుగా ఇంటి దగ్గర కట్టేసింది.

తాబేలు పిల్లల్ని వదిలే ఆదివారం అధ్యక్షులవారు బ్రూనోతో సహా కారు దిగారు. నూకాలమ్మ గేటుకు అడ్డం నిలబడింది.

"బావూ, కుక్కని నోపలికి తేకండి."

"కుక్కేమిటి? బ్రూనో! రోజూ జీడిపప్పు ఉప్మా తింటాడు. నువ్వు తింటావా?"

"నాను తినను బావూ. తాబేలు గుడ్లూ తినను. ఈడు తినడని నమ్మకమేటి?"

"నా బ్రూనోని కుక్కంటావా! రేపట్నుంచి పనిలోకి రాకు!"

నూకాలమ్మ ముఖం పాలిపోయింది. "అలాగనీకండి బావూ, ఇంటాయన మందులు ఈ జీతంతోనే కదా..." అంది గానీ గేటు మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

నేను కల్పించుకున్నాను. రూలు మార్చకూడదు. కానీ సభ్యుణ్ణి చేర్చుకోవచ్చు కదా! అక్కడికక్కడే ఫారం నింపాను. పేరు: బ్రూనో. వృత్తి: విశ్రాంతి. తండ్రి పేరు దగ్గర వైకుంఠరావు గారు కాసేపు ఆలోచించి తన పేరే చెప్పారు.

నూకాలమ్మ రిజిస్టరు ముందుకు తోసింది. "సభ్యుడైతే సంతకం పడాల. రాయడం రాకపోతే ఏలిముద్ర. మీరెట్టిన రూలే."

రూలంటే రూలే. బ్రూనోగారి కాలు నేనే పట్టుకుని, ఊదారంగు స్టాంపు ప్యాడ్‌కి అద్ది, ముద్ర వేయించాను. కాళ్లు పట్టుకోవడం నాకు అలవాటే.

అటవీ అధికారి రాగానే అధ్యక్షులవారి ఉపన్యాసం మొదలైంది. "తాబేలు గుడ్డు దేశసంపద! దాన్ని ముట్టినవాడు ఎంతటివాడైనా జైలుకే!" చప్పట్లు కొట్టి వెనక్కి తిరిగేసరికి పదకొండో గుంట తవ్వేసి ఉంది. తొక్కలే మిగిలాయి. బ్రూనోగారు ఒక మూల కూర్చుని మూతి నాకుతున్నారు, సభ దివ్యంగా జరిగినట్టు.

"అయ్యో, రెండ్రోజుల్లో పిల్లలయ్యీవి తల్లీ!" అంటూ నూకాలమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చింది.

"చూశారా సార్, ఊరకుక్కలు దూరాయి! ఈమెకి కాపలా చేతకాదు. ఇవాళే తీసెయ్యాలి!" అన్నారు అధ్యక్షులవారు.

అధికారి ఒక తొక్క తీసి చూశాడు. తెల్లటి తొక్క మీద ఊదారంగు కాలిముద్ర. రిజిస్టరు తెప్పించి పక్కన పెట్టి పోల్చాడు.

"ఈ సభ్యుడి మీద కేసు పెట్టాలండీ. తండ్రి పేరు దగ్గర మీ పేరే ఉంది. ఇద్దరి మీదా పెడదాం."

వైకుంఠరావు గారికి చెమటలు పట్టాయి. "సభ్యుడేమిటండీ బాబూ! అది కుక్క! ఒట్టి కుక్క! నోరులేని జంతువు, దానికేం తెలుసు!"

నూకాలమ్మ కళ్లు తుడుచుకుంది. "అదే కదా బావూ, పొద్దున్న గేటు కాడ నాను సెప్పినాను! అప్పుడే ఒప్పుకుంటే గుడ్లు బతికీవి."

ఆమె పనిలోనే ఉంటుందనీ, అధ్యక్షులవారే కంచె బయట ఉండాలనీ అధికారి చెప్పి వెళ్లాడు. నేను మినిట్స్ రాశాను.

"బ్రూనో కుక్కేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు: అధ్యక్షులవారు. బలపరిచినవారు: నూకాలమ్మ."