కారు కారడానికి కారకుడెవరు?

"ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు! నాకు దొరికిపోయినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!"

నడుం మీద చేతులు పెట్టుకుని బావ ప్రకటించాడు. మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కడూ చేరలేదని బావమరిదికి తెలుసు. అయినా అతని ప్రాణమంతా పోర్టికోలో ఉన్న తన కారు కిందే ఉంది. అక్కడ పళ్ళెమంత ఆయిల్ మడుగు.

బావ పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో ఊరందరి చూపూ సరిచేస్తాడు. సాయంత్రమయ్యేసరికి భూతద్దం జేబులో వేసుకుని 'డిటెక్టివ్ డేగ' అయిపోతాడు. శని ఆదివారాల్లో అదనంగా మెకానిక్. నిన్న కూడా "మెకానిక్కెందుకురా, నేను లేనూ!" అంటూ కారు ముందు చక్రాలు దిమ్మెలెక్కించాడు. ఇంజను సగం విప్పి మళ్ళీ బిగించాడు. పాత ఆయిల్ తీసి కొత్తది పోశాడు, పాత ఫిల్టరు పీకి కొత్తది తగిలించాడు. ఇవాళ ఆదివారం, షెడ్లన్నీ మూత. రేపు పొద్దున్నే బావమరిది డ్రైవింగ్ స్కూల్లో మాస్టారుగా చేరాలి. సొంత కారుతో రావాలన్నది షరతు. కారు కారితే ఉద్యోగం జారుతుంది. బావ బతుకు కోరతాడని సామెత. ఈ బావ బతుకుతెరువుకే ఎసరు పెట్టాడు.

"కారు కారుతోంది బావా."

"కారు తనంతట తాను కారదురా. ఎవడో కార్చాడు! నా చేతి రిపేరులో తప్పుండదు కాబట్టి ఇది విద్రోహం. కారడానికో కారణం, కారణానికో కారకుడు. వాణ్ణి కారాగారానికి పంపిస్తా!"

"ముందు బిగింపులు చూద్దాం..."

"ముట్టుకోకు! వేలిముద్రలు!"

"అన్నీ నీవేగా బావా."

"అదేరా నేరస్థుడి తెలివి! నేరస్థలాన్ని సీల్ చేస్తున్నా."

"సీల్ చెయ్యాల్సింది నేరస్థలం కాదు, ఇంజను!"

బావ వినలేదు. మడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. చూస్తూండగానే మడుగు గీత దాటింది.

"చూశావా తెగింపు? నేను గీసిన గీతంటే కూడా లెక్కలేదు!"

గొడవకి అక్క బయటికొచ్చింది. బావ భూతద్దం ఆవిడ ముక్కు దాకా తీసుకెళ్ళాడు.

"వంటింట్లో నూనె సీసా ఎవరి చేతిలో ఉంటుంది?"

"నా చేతిలోనే. ఇంట్లో జిడ్డు మాత్రం మీరేనండీ."

"సరే, పక్కింటాయన నిన్నంతా మనవైపే చూశాడు. ఎందుకు?"

"మీరు ఇంజన్ని సుత్తితో బాదుతుంటే చూడడూ? పాపం, కళ్ళు కాదు, చెవులు మూసుకోలేక చచ్చాడు. మా తమ్ముడి ఉద్యోగం పోయిందంటే ఆ పూట నుంచి మీ పోషణా, వాడి పోషణా మీ డేగే చూసుకుంటుంది."

బావ ఛాతీ పొంగించాడు. "నేరస్థుడు మళ్ళీ వస్తాడు. కారు కిందే మాటు వేస్తా. కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాస్తా!"

"వేసుకోండి. నూనె అక్కడే ఉంది" అని అక్క లోపలికెళ్ళిపోయింది.

బావ వెల్లకిలా పాక్కుంటూ కారు కిందికి దూరాడు. బావమరిది మెట్టు మీద కూర్చుని, రేపు స్కూలువాళ్ళకి ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచించసాగాడు. కారు చెడింది అందామంటే, దాన్ని నడపడం నేర్పేవాడికి దాన్ని చూసుకోవడం రాదా అంటారు. కాసేపటికి కారు కింద నుంచి గురక వినిపించింది. వత్తులు ఆరిపోయాయి.

ఎండ గోడ దిగుతుండగా అక్క టీ పట్టుకొచ్చింది. కారు పక్కగా చెప్పుల చప్పుడు. గురక టక్కున ఆగింది.

"దొరికావురా కారకా!"

ఒక్క ఉదుటున బయటికి రాబోయి, ఆసరా కోసం బావ చేతికందింది పట్టుకున్నాడు. అందింది కొత్త ఫిల్టరు. బిగుతుగా ఉండాల్సినది గిర్రున తిరిగి ఊడి చేతిలోకొచ్చింది. వెంటనే అందులో నిండి ఉన్న ఆయిలంతా డేగకి అభ్యంగనం చేసింది.

బావ కాళ్ళు పట్టుకుని బావమరిది బయటికి ఈడ్చాడు. ఆయిల్‌తో నిగనిగలాడుతున్న ఆ ముఖంలో ముక్కు మీద ఒక రబ్బరు రింగు వేలాడుతోంది. పాతది, అణిగి రాయిలా బిగుసుకుపోయింది. చేతిలోని ఫిల్టరుకేమో కొత్త రింగు శుభ్రంగా ఉండనే ఉంది.

"బావా! పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రింగు ఇంజన్నంటుకుని ఉండిపోయింది. నువ్వు చూడకుండా దానిమీదే కొత్తది బిగించావు. ఆ సందులోంచే కారింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడనట్టే, ఒక ఫిల్టరుకి రెండు రింగులూ ఇమడవు!"

అతను చకచకా గుడ్డతో తుడిచి, ఒక్క రింగుతో ఫిల్టరు బిగించాడు. డబ్బాలో మిగిలిన ఆయిల్ పోసి, ఇంజను ఆన్ చేసి, కింద అట్టముక్క పరిచాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ వంగి కూర్చున్నారు. టీ చల్లారింది. అట్ట మీద ఒక్క చుక్క పడలేదు. బావమరిది కారు బానెట్ మీద తల ఆనించి గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయితే కారకుడెవరండీ?" అక్క తాపీగా అడిగింది.

బావ ముక్కు మీది రింగు తీసి, భూతద్దంలో దీర్ఘంగా చూశాడు.

"ఎవడో కానీ మహా మేధావి. నన్నే ఇంతసేపు బోల్తా కొట్టించాడంటే!"

అంటూ ఠీవిగా ఇంట్లోకి అడుగు వేయబోయాడు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి నేలకేసి వేలు చూపించింది.

కారు కారడం మానేసింది. బావ కారుతున్నాడు.