సప్లిమెంటరీ స్వాతంత్ర్యం

ఎమిరేట్స్‌లో నివసించే తెలుగు స్త్రీకి ఆ క్షణం నుంచి సంపూర్ణ ఆర్థిక స్వాతంత్ర్యం వచ్చేసిందని వెంకటరాజు గారు ప్రకటించారు. అది రెండువేల ఆరులో మహిళా దినోత్సవం. స్థలం బర్ దుబాయ్‌లో ఒక హోటల్ మేడమీది హాలు. సమయం భోజనాలకు కాస్త ముందు. భోజనాల తర్వాత ప్రకటిస్తే స్వాతంత్ర్యం పుచ్చుకోవడానికి హాల్లో ఎవరూ మిగలరని ఆయనకు అనుభవం మీద తెలుసు.

వెంకటరాజు గారు ఎమిరేట్స్ తెలుగు ప్రగతి వేదికకు వ్యవస్థాపక అధ్యక్షులు. ఆ పదవికి ఎన్నిక ఎప్పుడు జరిగినా ఏకగ్రీవమే. బతుకుతెరువుకు ఒక రియల్ ఎస్టేట్ కంపెనీలో సేల్స్ మేనేజరుగా ఉండేవారు. ఇంకా సముద్రంలోంచి పైకి తేలని దీవుల మీద ఇంకా కట్టని ఫ్లాట్లు అమ్మడం ఆయన పని. ఆ అనుభవం ఉన్నందువల్ల రాజకీయాల్లోకి దిగడానికి వేరే శిక్షణ అవసరం పడలేదు.

వేదిక మీద స్వరాష్ట్రం నుంచి వచ్చిన మహిళాభ్యుదయ శాఖ మంత్రి గారు కూర్చున్నారు. ఆయన పురుషుడే అయినా ఆ లోటు ఎక్కడా కనపడనీయకుండా నెట్టుకొస్తున్నారు.

"ఇంటికో కార్డు, ఇంతికో హోదా!" అన్నారు వెంకటరాజు గారు మైకులో. "మన వేదిక సభ్యుడు ప్రతి ఒక్కడూ తన క్రెడిట్ కార్డు మీద భార్య పేరుతో ఒక సప్లిమెంటరీ కార్డు తీసుకోవాలి. మొదటి కార్డు మా ఇంటి నుంచే!"

కార్యదర్శి అంజిబాబు తలుపంత అట్టకార్డును మోసుకొచ్చాడు. దాని మీద వెంకటరాజు గారి భార్య కాత్యాయని పేరు బంగారు రంగులో రాసి ఉంది. మూడో వరసలో కూర్చున్న కాత్యాయనిని పిలిచారు. మంత్రిగారు అందించిన ఆ అట్టను ఎలా పట్టుకోవాలో తెలియక ఆమె పళ్ళెంలా పట్టుకుంది. ఫొటోగ్రాఫరు నిలువుగా పట్టుకోమన్నాడు. మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. ఇటు మంత్రిగారు, అటు వెంకటరాజు గారు, మధ్యలో కార్డు, కార్డు కింద రెండు పాదాలు.

అయినా కాత్యాయని సంతోషించింది. షార్జాలో ఒక ఇండియన్ స్కూల్లో ఆమె లెక్కలు చెబుతుంది. జీతం కవరు తెచ్చి ఆయన చేతికివ్వడమే తప్ప, తన పేరున్న వస్తువు ఇంట్లో ఒక్క స్కూలు ఐడీ కార్డే. వారం తిరక్కుండా నిజం కార్డు పోస్టులో వచ్చినప్పుడు, దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న తన పేరును బొటనవేలితో రెండుసార్లు తడిమి చూసుకుంది.

మొదటిసారి కార్డు గీకినప్పుడు సూపర్ మార్కెట్టు కౌంటరు దగ్గర సంచీ కూడా ఎత్తలేదు, ఫోను మోగింది.

"కాత్యాయనీ, నలభై రెండు దిర్హాములేమిటి?"

"కందిపప్పండీ. మీకెలా తెలిసింది?"

"మెసేజి నా ఫోనుకొస్తుంది. ఒక్క కందిపప్పుకే నలభై రెండా?"

"మీ షేవింగు క్రీము కూడా ఉంది."

"అలా చెప్పు మరి," అని ఆయన శాంతించారు. ఆ సాయంత్రమే అబూ హెయిల్‌లో జరిగిన సభలో, "భార్య చేతికి కార్డిచ్చాక లెక్కలడిగేవాడు మగాడే కాదు" అని ఆయనన్న మాటకు చప్పట్లు చాలాసేపు మోగాయి. కాత్యాయని కూడా కొట్టింది. మాట మంచిదే కదా.

రెండేళ్ళు అలా గడిచాయి. ఈలోగా ఆమె డ్రైవింగు లైసెన్సు సంపాదించింది. ఎన్నో ప్రయత్నంలో అని ఎవరైనా అడిగితే మాట మార్చేది. దుబాయ్‌లో పెద్దపెద్ద ఇంజనీర్లనే ఏడిపించిన పరీక్ష అది. స్కూలు బస్సు కోసం తెల్లవారకుండానే రోడ్డు మీద నిలబడే బాధ తప్పించుకోవడానికి ఒక పాత చిన్న కారు కొనుక్కుందామని, కారు లోన్ కోసం తన కార్డిచ్చిన బ్యాంకుకే వెళ్ళింది.

లోన్ల కౌంటరులో జైబున్నీసా అనే హైదరాబాదు అమ్మాయి ఉంది. కాత్యాయని దర్జాగా కార్డు తీసి బల్ల మీద పెట్టింది. జైబున్నీసా కంప్యూటరులో కాసేపు వెతికింది.

"బురా మత్ మానో మేడం, ఏమనుకోవద్దు. సిస్టంలో మీరు లేరు."

"నా పేరు కార్డు మీదే ఉందిగా."

"కార్డు మీద ఉన్నది. అకౌంట్ సార్‌ది. మీరు వాడినా సార్ వాడినట్టే లెక్క."

"రెండేళ్ళు టైముకి కట్టాం కదండీ?"

"కడితే ఆ మంచి పేరు సార్‌కే పోతది మేడం." జైబున్నీసా తెర వంక ఇంకోసారి చూసి గొంతు తగ్గించింది. "టైముకి కట్టలే కూడా. శానా నెలలు లేటు."

"పోనీ, ఆ లేటు కూడా ఆయనకే కదా? నాకు అంటదు కదా?"

"కాగితం మీద అంటదు. కానీ ఇంటి అడ్రసు అదే, పీవో బాక్సు అదే, ఇంటిపేరు అదే. మా ముదీర్, అదే మేనేజర్, చూసిండంటే మీ ఫైలు పక్కకు పెడతడు."

"అంటే మంచి ఆయనకీ, చెడ్డ ఇద్దరికీనా?"

"లెక్కల టీచర్ కదా, జల్ది సమజైంది," అంది జైబున్నీసా నిజమైన మెప్పుతో. వెళ్ళబోతున్న మనిషిని ఆపి మరో మాట చెప్పింది. "జీతం మీ పేరు మీద వేయించుకోండి. చిన్న డిపాజిట్ పెట్టి సొంత కార్డు తీసుకోండి, మీరే కట్టండి. అప్పుడు సిస్టంలో పుడతరు."

నలభై దాటాక మళ్ళీ పుట్టాలంటే ఎవరికైనా సిగ్గుగానే ఉంటుంది. కాత్యాయని ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు భర్తకు చెప్పింది. లేటు కట్టుబడుల మాట కూడా చెప్పింది.

వెంకటరాజు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఘోరం! తెలుగు మహిళకు పరాయి గడ్డ మీద అస్తిత్వమే లేదన్నమాట! అంజిబాబూ, తీర్మానం రాయి!"

లేటు సంగతి తీర్మానంలోకి రాలేదు. సప్లిమెంటరీ మహిళల క్రెడిట్ సమస్యను అధ్యయనం చేయడానికి ఐదుగురు సభ్యుల కమిటీ వేశారు. విషయం సున్నితమైనది కనుక అందులో ఆడవాళ్ళను ఇబ్బంది పెట్టలేదు. కమిటీ ఖోర్ ఫక్కాన్ సముద్రపొడ్డున రెండు రోజులు బస చేసి, కాల్చిన చేపల మధ్య సమస్యను అన్ని కోణాల నుంచీ పరిశీలించింది. బిల్లు కట్టింది కాత్యాయని కార్డే. అధ్యయనం ఆమె గురించే కాబట్టి ఎవరికీ అభ్యంతరం తోచలేదు.

హైదరాబాదులో మంత్రిగారు దీని మీద వెంటనే స్పందించారు. దుబాయ్ బ్యాంకులు తెలుగింటి ఆడపడుచుల్ని గుర్తించేలా జీవో తెస్తామన్నారు. మన జీవో దుబాయ్‌లో చెల్లుతుందా అని ఒక విలేఖరి అడిగాడు.

"చెల్లకపోతే సవరిస్తాం," అన్నారు మంత్రిగారు.

చివరికి కమిటీ తేల్చినదేమంటే, భార్య పేరున ఖర్చు ఎంత పెరిగితే ఆమె పరపతి అంత పెరుగుతుంది. వెంకటరాజు గారు మాట మీద నిలబడే మనిషి. ఆ రోజే భార్య కార్డు తన పర్సులో పెట్టుకుని ఆమె పరపతిని స్వయంగా పెంచడం మొదలుపెట్టారు. సభలకు సౌండు సిస్టం, సన్మానాలకు శాలువాలు, మంత్రిగారి కుటుంబం దుబాయ్ చూడ్డానికి వస్తే వాళ్ళ హోటలు గది, వాళ్ళు కొన్న గాజులు, అన్నిటికీ కాత్యాయని పేరే ముద్రపడింది.

ఆమె మాత్రం స్కూలు ఆఫీసుకెళ్ళి, జీతం తన పేరున ఖాతాలో వేయమని రాసిచ్చింది.

"ఇంట్లో రెండు ఖాతాలా? జనం ఏమనుకుంటారు?" అన్నారు వెంకటరాజు గారు నొచ్చుకుని.

"స్వాతంత్ర్యం వచ్చిందనుకుంటారండి."

ఆ మాట ఆయనకు తెగ నచ్చింది. తర్వాతి సభలో తన మాటగా వాడుకున్నారు.

రెండువేల ఎనిమిది చివరికొచ్చేసరికి, తేలాల్సిన దీవులు తేలనే లేదు. వాటి మీది ఫ్లాట్లు కొన్నవాళ్ళు మాత్రం ఆఫీసు ముందు తేలారు. కంపెనీ తలుపుకు తాళం పడింది. సరిగ్గా అప్పుడే వెంకటరాజు గారికి జన్మభూమి పిలుపు వినిపించింది. వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు ఖాయమని మంత్రిగారు కబురు పెట్టారట. "ఇల్లు జాగ్రత్త. గెలిచాక వస్తా," అని చెప్పి, కంపెనీ వాళ్ళిచ్చిన కారును ఎయిర్‌పోర్టు పార్కింగులో తాళంచెవితో సహా ప్రజలకు అంకితం చేసి, అంజిబాబును వెంటబెట్టుకుని విమానమెక్కారు. కాత్యాయనికి వీసా స్కూలు వాళ్ళే ఇచ్చారు కాబట్టి ఆమె పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. సొంత కార్డు తీసుకుని అప్పటికి కొన్ని నెలలైంది. ఒక్కసారి కూడా ఆలస్యం చేయకుండా కడుతూ, ధైర్యం చేసి కారు లోన్‌కి మళ్ళీ దరఖాస్తు పెట్టింది.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా జైబున్నీసా ఫోన్ చేసింది. లోన్ వచ్చిందేమోనని కాత్యాయని ఆశగా ఎత్తింది.

"లోన్లు ఇచ్చుడు ఖలాస్ అయినట్టే మేడం. ఇచ్చేటోళ్ళనే ఇప్పుడు వసూలుకు పెట్టిన్రు. సార్ ఫోన్ ఎత్తుతలేడు. కార్డు మీద శానా ఉన్నది. అందుకే మీకు చేసిన."

"నేను సిస్టంలో లేనన్నారుగా?"

"అప్పు అడిగినప్పుడు లేరు మేడం. అప్పు కట్టనప్పుడు ఉన్నరు."

కాత్యాయనికి నవ్వు రాలేదు. కుర్చీలో కూర్చుంది. బెల్లు మోగినా లేవలేదు.

"కట్టేది మీరు కాదు, సారే," అంది జైబున్నీసా మెత్తగా. "కానీ సార్ ఏడున్నడో, అప్పు నాదే అంటడో లేదో తేలేదాంక మీ ఫైలు ఆపమన్నడు ముదీర్. ఒకసారి వచ్చి ఆ సప్లిమెంటరీ కార్డన్నా బంద్ చేయించుకోండి."

గురువారం స్కూలు విడవగానే కాత్యాయని బ్యాంకుకు వెళ్ళింది. కార్డు రద్దు చేయమని రాసిచ్చి సంతకం పెడుతుండగా ఆమె ఫోను మోగింది. అంజిబాబు. వెనక జనం గోల, మైకు కీచుమంటున్న చప్పుడు.

"అక్కగారూ, తణుకు నుంచండి! హైస్కూలు గ్రౌండులో సభండి, మంత్రిగారు వచ్చేశారండి. దుబాయ్‌లో భార్యకు ఆర్థిక స్వాతంత్ర్యమిచ్చిన తొలి తెలుగు భర్త అని ప్రెసిడెంటు గారికి బిరుదిస్తున్నారండి. మీ నోటితో రెండు ముక్కలు చెబితే మైకులో వినిపించేస్తామండి!"

కాత్యాయని ఒక్క క్షణం జైబున్నీసా వంక చూసింది. ఫోను స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"అందరికీ నమస్కారమండి," అంది. తణుకులో చప్పట్లు మోగాయి. "మావారు నా పేరుతో కార్డిచ్చిన మాట నిజమేనండి. అయితే ఇక్కడ కొంతమంది ఆ కార్డు తాలూకు అప్పు నాదంటున్నారు. నాకు చాలా బాధగా ఉందండి."

గ్రౌండంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని వదులుకునే అమాయకులు కారు వెంకటరాజు గారు. మైకు గుంజుకున్నట్టు చప్పుడైంది.

"ఎవడన్నాడా మాట?" అన్నారాయన. గొంతు వణికింది, అలవాటైన వణుకే. "ఆ కార్డు నాది! ఆ అప్పు నాది! పైసాతో సహా నాది! నా ఇల్లాలికి దానితో దమ్మిడీ సంబంధం లేదు. భరించేవాడే భర్త! ఈ వెంకటరాజు తణుకు గడ్డ మీద నిలబడి చెబుతున్నాడు, ఎవడికి కావాలంటే వాణ్ణి వచ్చి నన్నడగమనండి!"

ఈలలు, డప్పులు. మగాడంటే ఇతడేనని మంత్రిగారు అంటుండగా ఎవరో టపాసులు కాల్చారు. జైబున్నీసా ఆ మాటలన్నీ పొల్లుపోకుండా కంప్యూటరులో టైపు చేసుకుంది. తర్వాత ల్యాండ్ లైను దగ్గరకు లాక్కుని, విజయవాడలో తమ బ్యాంకు తరఫున వసూళ్ళు చేసేవాళ్ళ నంబరు తిప్పింది.

"సార్ ఇంకా ఎంతసేపుంటడు మేడం?" అని రిసీవరు మూసి అడిగింది.

"అంజిబాబూ, కార్యక్రమం ఎంతదాకా ఉంటుంది?" అంది కాత్యాయని.

"ఇంకా సన్మానం, ఊరేగింపు ఉన్నాయండి. ఆ తర్వాత రాత్రికి ఇక్కడే మకామండి, ఆయ్. మీరు కూడా ఉంటే ఎంతో నిండుగా ఉండేదండి. పోనీ మీ తరఫున ఎవరైనా వస్తున్నారాండి?"

జైబున్నీసా ల్యాండ్ లైనులో అడ్రసు చెప్పడం అయిపోయి, కాత్యాయని వైపు రెండు వేళ్ళు చూపించింది.

"ఇద్దరు వస్తున్నారు అంజిబాబూ," అంది కాత్యాయని. "విజయవాడ నుంచి. ముందు వరసలో కుర్చీలు ఉంచండి."